దూరాన ఉన్నవారూ సభికులే

సూరత్ రైల్వే స్టేషనుకు ఆగ్నేయ దిశగా విస్తరించిన లింబాయత్ వీధుల్లో సాయంవేళ నడిచి వెళ్ళేవారికి అరగంటలో అరడజను భాషలు వినిపిస్తాయి. గుజరాతీ, ఖాందేశ్ ప్రాంతపు మరాఠీ, హిందీ, ఉర్దూ మాటల నడుమ తెలంగాణ యాసలో తెలుగు కూడా చెవిన పడుతుంది. చేనేతకు గిరాకీ తగ్గి, బతుకుతెరువు వెదుక్కుంటూ తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా షోలాపూర్, భివండి, ముంబయి నగరాలకు తరలివెళ్ళిన సంగతి తెలిసిందే. ఆ బాటలోనే కొందరు సూరత్ మరమగ్గాలను ఆశ్రయించారు. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరం కృత్రిమ పట్టు చీరలకు దేశమంతటా పేరుగాంచింది. ఆ చీరల పడుగులోనూ పేకలోనూ తెలుగు చేతుల శ్రమ ఇమిడి ఉంది.

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలలో ఏడు భాషా మాధ్యమాలుండటం గమనార్హం. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగుకూ అందులో చోటు దక్కింది. పనికోసం వచ్చినవారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలన్న ఉదారభావం ఇందులో కనిపిస్తుంది.

అయితే ఇట్టి కుటుంబాలకు ఊళ్ళు రెండు. కొడుకు లింబాయత్‌లో మగ్గం నడుపుతుంటే తల్లి సిరిసిల్లలోనో, వరంగల్ దగ్గరి పల్లెలోనో ఉంటుంది. చిన్నాన్న భివండిలో ఉంటే మేనమామ గల్ఫ్ దేశంలో ఉంటాడు. సూరత్ మీదుగా వరంగల్ చేరే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినా ప్రయాణానికి దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. రానూ పోనూ ప్రయాణమంటే టికెట్టు ఖర్చుతో పాటు నాలుగైదు రోజుల కూలి పోగొట్టుకోవడమే. అందువల్ల నామకరణమైనా, పెండ్లి అయినా, పాఠశాల వార్షికోత్సవమైనా, బతుకమ్మ పండుగైనా బంధువర్గంలో సగం మంది ఎప్పుడూ గైర్హాజరే. ఈ సగాన్ని సభలో కూర్చోబెట్టడం ఎలా? ఇదే ఈ వ్యాసంలో పరిశీలించదగిన ప్రశ్న.

ఇంటి గోడలే సభామందిరమైన వేళ

2020 మార్చి చివరి వారంలో కొవిడ్ మహమ్మారి కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. మగ్గాలు మూగబోయాయి. సొంత ఊళ్ళో పెద్దలు కన్నుమూస్తే కడసారి చూపును ఫోను తెరమీద చూసి కన్నీరు పెట్టిన కుటుంబాలు దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆ ఏడాది ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు న్యాయస్థానాల విచారణలు వీడియో ద్వారా సాగేందుకు మార్గదర్శకాలు జారీ చేసింది. జూన్‌లో గుజరాత్ ప్రభుత్వం దూరదర్శన్ గిర్నార్ ద్వారా, సెప్టెంబర్ 1న తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా బడిపిల్లలకు పాఠాలు ప్రారంభించాయి. జూమ్ అనే ఒక్క సమావేశ వేదికను వాడుకున్నవారి సంఖ్య 2019 డిసెంబరులో రోజుకు గరిష్ఠంగా కోటి కాగా, 2020 ఏప్రిల్ నాటికి 30 కోట్లు దాటింది. ఒకే వ్యక్తి ఒకే రోజున రెండు సమావేశాల్లో పాల్గొంటే ఆ లెక్కలో ఇద్దరవుతారు. అయినా పెరుగుదల అసాధారణమైనదే.

మహమ్మారి తగ్గుముఖం పట్టింది. రైళ్ళు మళ్ళీ నడిచాయి. కాని అలవాటు మిగిలిపోయింది. అందరూ ఎవరి ఇంట వారుండి ఇంటర్నెట్ ద్వారా కలుసుకొనే సభను వర్చువల్ సభ అంటున్నారు. కొందరు ఒకచోట గుమిగూడగా, మరికొందరు దూరం నుంచి పాల్గొనే సభను హైబ్రిడ్ సభ, అంటే మిశ్రమ సభ, అంటున్నారు. పైకి చూస్తే రెండోది సులువనిపిస్తుంది. ఎప్పటిలాగే సభ పెట్టి ఎదురుగా ఒక ఫోను నిలబెడితే చాలునని చాలామంది భావిస్తారు. కాని వాస్తవానికి కష్టమైనది మిశ్రమ సభే. మందిరంలో ఉన్నవారికి సభ కనిపిస్తుంది, వినిపిస్తుంది, తేనీరు కూడా అందుతుంది. దూరాన ఉన్నవారికి అస్పష్టమైన మాటలు, వక్త వీపు మాత్రమే దక్కుతాయి. పది నిమిషాల్లో వారు ఫోను పక్కన పెట్టేస్తారు. వారు వెళ్ళిపోయిన సంగతి మందిరంలో ఎవరికీ తెలియదు.

పాత ప్రయోగాలు నేర్పిన పాఠం

దూరాన్ని జయించి సభ జరపడం మన దేశానికి కొత్త కాదు. 1956లో ఆకాశవాణి యునెస్కో సహకారంతో పూనా కేంద్రం నుంచి రేడియో గ్రామీణ గోష్ఠులను నిర్వహించింది. నాటి బొంబాయి రాష్ట్రంలోని ఐదు మరాఠీ జిల్లాలలో సుమారు 150 గ్రామాలను ఇందుకు ఎంపిక చేశారు. గ్రామస్థులు ఒకచోట కూర్చుని కార్యక్రమం వినేవారు. తరువాత తమలో తాము చర్చించేవారు. వారి సందేహాలను గోష్ఠి కార్యదర్శి రాసి రేడియో కేంద్రానికి పంపేవాడు. సమాధానాలు తరువాతి ప్రసారాల్లో వచ్చేవి. ప్రయోగాన్ని పరిశీలించిన పాల్ న్యూరాత్ ఒక ముఖ్య విషయం గుర్తించారు. గోష్ఠి ఏర్పడిన గ్రామాల ప్రజల పరిజ్ఞానం గణనీయంగా పెరిగింది. రేడియో ఉండి గోష్ఠి లేని గ్రామాలలో ఆ మేరకు పెరుగుదల లేదు. పరికరం ఒకటే. తేడా అంతా కలిసి మాట్లాడుకోవడంలోనే ఉంది.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, అనగా సైట్, జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ ఏడాదిపాటు ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. తెలుగు, కన్నడ కార్యక్రమాలు హైదరాబాదులో తయారయ్యేవి. ప్రసారాలను ఉపగ్రహానికి పంపే ప్రధాన భూకేంద్రం గుజరాత్‌లోని అహ్మదాబాదులో ఉండేది. ఒకే చిత్రానికి రెండు ధ్వని మార్గాలుండటం వల్ల ఒక దృశ్యాన్ని రెండు భాషలవారు తమ తమ భాషల్లో వినే వీలుండేది. ఈ ప్రయోగంలో భాగంగా ప్రాథమికోపాధ్యాయులకు ఇచ్చిన శిక్షణ నేటి మిశ్రమ సభకు పూర్వరూపమని చెప్పవచ్చు. టెలివిజన్, రేడియో పాఠాలకు తోడు ముద్రిత సామగ్రి, స్థానికంగా మార్గదర్శకుని ఆధ్వర్యంలో చర్చ, చేతిపని అందులో కలిసి ఉండేవి.

అదే కాలంలో గుజరాత్ ఖేడా జిల్లాలోని పీజ్ ప్రసారిణి ద్వారా వచ్చిన కార్యక్రమాలలో గ్రామస్థులే తమ సమస్యలను తమ నోట చెప్పుకొన్నారు. ప్రేక్షకుడు వక్త కాగలిగినప్పుడే ప్రసారం సభ అవుతుందని ఆ ప్రయత్నం నిరూపించింది.

సభకు ముందు ఆలోచించవలసినవి

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. యునెస్కో 1999లో చేసిన నిర్ణయం ప్రకారం 2000 నుంచి దీనిని జరుపుకొంటున్నారు. ఆ సందర్భంగా లింబాయత్‌లో వివిధ మాధ్యమాల పిల్లలు తమ ఇంటి భాషలో ఒక్కొక్క కథ చెప్పే సభ ఏర్పాటు చేయాలనుకొన్నారనుకుందాం. సొంత ఊళ్ళలోని తాతలు, నాయనమ్మలు అక్కడి నుంచే కథలు వినిపించాలి, పిల్లల కథలు వినాలి.

మొట్టమొదట సభ ప్రయోజనాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ‘పిల్లవాడు చెప్పిన కథ నాయనమ్మకు చేరాలి, ఆమె మాట వాడికి చేరాలి’ అన్నది ప్రయోజనమైతే, అరగంట స్వాగతోపన్యాసాలకు అందులో చోటు ఉండదు. తెర ఎదుట కూర్చున్నవారి శ్రద్ధ మందిరంలో కూర్చున్నవారి శ్రద్ధ కంటె త్వరగా సడలుతుంది. కనుక గంట, మహా అయితే గంటన్నర మించకుండా కార్యక్రమాన్ని కుదించాలి.

రెండవది వేళ. సూరత్ మరమగ్గాలు సాధారణంగా పన్నెండేసి గంటల రెండు షిఫ్టులలో నడుస్తాయి. పగటి షిఫ్టు దిగిన తండ్రి ఇంటికి వచ్చే వేళకు రాత్రి షిఫ్టు తండ్రి మగ్గం ముందు నిలబడతాడు. పనిదినాన ఏ గంట ఎంచుకొన్నా ఒక వర్గం నష్టపోక తప్పదు. అందువల్ల సెలవు దినాన్నే ఎంచుకోవాలి. అది కుదరనప్పుడు సభను రికార్డు చేసి, రెండవ షిఫ్టువారికి మరొక వేళ చిన్న సమావేశం జరపాలి. ఆ సమావేశంలో వారి పిల్లలు మళ్ళీ కథ చెప్పాలి. రికార్డు చూపించి ఊరుకుంటే వారు సభికులు కారు, ప్రేక్షకులు మాత్రమే. విదేశాల్లోని బంధువుల గడియారాన్ని కూడా చూడాలి. దుబాయి కాలం మనకంటె గంటన్నర, సౌదీ అరేబియా, కువైట్ కాలం రెండున్నర గంటలు వెనుక ఉంటాయి.

మూడవది ఎవరెవరు రాలేరన్న లెక్క. స్మార్ట్‌ఫోను లేని నాయనమ్మకు లింకు పంపి ప్రయోజనం లేదు. ఇక్కడ సైట్ ప్రయోగపు సామూహిక టెలివిజన్ పద్ధతి నేటికీ ఉపయోగకరం. ఊళ్ళో ఒక ఇంటి అరుగుమీదనో, బడిలోనో, గ్రంథాలయంలోనో ఒక పెద్ద తెర పెట్టి పదిమందిని కూర్చోబెడితే అది రెండవ సభామందిరమవుతుంది. ఒంటరిగా చూసేవారు లేచిపోతారు. పక్కన మరొకరుంటే ఆగుతారు, నవ్వుతారు, ప్రశ్న అడుగుతారు. పాఠశాల, కళాశాల గ్రంథాలయాలు ఇట్టి సమావేశాలకు ఎంతో అనువైన స్థలాలు.

చిత్రం కంటె ధ్వని ముఖ్యం

చిత్రం కాసేపు ఆగినా సభ సాగుతుంది. మాట ఆగితే సభ ఆగినట్టే. కాబట్టి ఖర్చు పెట్టదగిన మొదటి వస్తువు కెమెరా కాదు, మైకు. మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపైతే నేరుగా చేరే ధ్వని తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. ఫోను బల్లమీద ఉంచి, వక్త పది అడుగుల దూరాన నిలబడితే దూరాన ఉన్నవారికి గది మోత తప్ప మాట వినిపించదు. మరమగ్గాల షెడ్డులో శబ్దం 90 డెసిబెల్స్ దాటడం సాధారణం. పక్క వీధిలో మగ్గాలు నడుస్తుంటే కిటికీలు మూయడమో, దూరంగా మరొక స్థలం చూసుకోవడమో తప్పదు. ఒకే గదిలో రెండు ఫోన్లు ఒకే సమావేశంలో చేరితే ఒకదాని ధ్వనిని మరొకటి పట్టుకొని కర్ణకఠోరమైన కూత పుడుతుంది. గదికి ఒక్కటే మైకు, ఒక్కటే స్పీకరు అన్న నియమంతో దీనిని నివారించవచ్చు.

దూరప్రసారంలో ఆలస్యం అనివార్యం. సమావేశ వేదికల్లో అది సెకనులో కొంత భాగమే. యూట్యూబు వంటి ప్రత్యక్ష ప్రసారాల్లో కొన్ని క్షణాల నుంచి అర నిమిషం దాకా కూడా ఉండవచ్చు. ప్రశ్న అడిగి రెండు క్షణాలైనా ఆగకుండా ‘ఎవరూ మాట్లాడటం లేదు’ అని ముందుకు సాగిపోతే తప్పు దూరాన ఉన్నవారిది కాదు. పాట విషయంలో ఈ ఆలస్యం మరింత స్పష్టమవుతుంది. బతుకమ్మ పాటలో ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవారు పల్లవి అందుకుంటారు. లింబాయత్‌లో ఎత్తుకొన్న పాటకు సిరిసిల్ల నుంచి పల్లవి రావాలంటే తాళం తప్పుతుంది. ఉపాయం లేకపోలేదు. ఒక పాట ఒక ఊరు ఎత్తుకోవాలి. రెండవ ఊరివారు తమ మైకు ఆపి, తమ వలయంలో తాము పల్లవి పాడుకుంటూ ఆడాలి. తరువాతి పాట వారు ఎత్తుకోవాలి. చేతులు కలవకపోయినా వంతులు కలుస్తాయి.

డేటా సంగతీ గుర్తుంచుకోవాలి. చిత్రంతో కూడిన సామూహిక సమావేశానికి గంటకు సుమారు ఒక జీబీ, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఖర్చవుతుంది. మాట మాత్రమే అయితే అందులో పదోవంతు చాలు. ఇంటర్నెట్ బలహీనంగా ఉన్నవారు చిత్రం ఆపుకోవచ్చునని ముందే తెలియజేస్తే వారు మొహమాటపడరు. ఉచిత ఖాతాలకు సమయపరిమితి ఉండవచ్చు గనుక దానిని ముందే చూసుకోవాలి. లేకుంటే నాయనమ్మ కథ కొసకు రాకముందే తెర చీకటవుతుంది. కరెంటు పోతే ఆదుకొనేందుకు చార్జి చేసిన రెండవ ఫోను సిద్ధంగా ఉండాలి.

నలుగురు మనుషులు, ఒక పూర్వాభ్యాసం

ఒకే వ్యక్తి సభ నడపడం, మైకు సవరించడం, ఫోనులో వచ్చిన ప్రశ్నలు చదవడం సాధ్యం కాదు. కనీసం నలుగురు అవసరం. ఒకరు సభాధ్యక్షులు. ఒకరు ధ్వని, చిత్రం చూసుకొంటారు. మరొకరు ఫోనులో చేరలేక ఇబ్బంది పడే పెద్దలకు విడిగా ఫోను చేసి సహాయపడతారు. నాలుగవ వ్యక్తి దూరసభికుల ప్రతినిధి. మందిరంలో కూర్చున్నా ఈ వ్యక్తి మనసు తెరమీదనే ఉండాలి. ‘అధ్యక్షా, వరంగల్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది’ అని సభను ఆపే అధికారం ఈ వ్యక్తికి ఉండాలి. పూనా గోష్ఠులలో కార్యదర్శి చేసిన పని ఇదే. ఈ నాలుగింటిలో అత్యంత ముఖ్యమైన బాధ్యత ఇదే అయినా, సాధారణంగా ఎవరికీ అప్పగించనిదీ ఇదే.

సభకు ఒకటి రెండు రోజుల ముందు అదే గదిలో, అదే వేళకు, అవే ఫోన్లతో పావుగంట పూర్వాభ్యాసం జరపాలి. ఆ వేళకు వీధిలో ఎంత రొద ఉంటుందో, ఇంటర్నెట్ ఎంత బలంగా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది.

సభ నడిచే తీరు

సభ ప్రారంభంలోనే దూరాన ఉన్నవారిని ఊరి పేరుతో, వరుసతో పలకరించాలి. కెమెరా ఒక్కసారైనా ప్రేక్షకుల వైపు తిరగాలి. తమవారు ఎక్కడ కూర్చున్నారో చూడాలనే ఆశ దూరాన ఉన్నవారికి ఉంటుంది. ప్రశ్నలకు వంతు పెట్టాలి. మందిరం నుంచి ఒకటి, తెర నుంచి ఒకటి. పక్కింటి మరాఠీ తల్లి, ఎదురింటి గుజరాతీ దంపతులు సభకు వచ్చి ఉంటే, తెలుగు కథ ముగిశాక దాని సారాంశాన్ని రెండు మూడు వాక్యాల్లో హిందీలోనో గుజరాతీలోనో చెప్పాలి. వారి పిల్లల కథలకు తెలుగు సారాంశం సొంత ఊరివారికి చెప్పాలి. సైట్ ప్రయోగంలో రెండు ధ్వని మార్గాలు చేసిన పనిని ఇక్కడ రెండు భాషలు తెలిసిన ఒక విద్యార్థి చేయగలడు. లింబాయత్‌లో అట్టి విద్యార్థులకు కొదవ లేదు.

మర్యాదతో పాటు జాగ్రత్త కూడా అవసరం. సమావేశపు లింకును పదిమంది చూసే బహిరంగ బృందాల్లో పెట్టరాదు. వచ్చినవారిని గుర్తించి లోనికి అనుమతించే పద్ధతి పాటించాలి. పిల్లల చిత్రాలు రికార్డు చేసే ముందు తల్లిదండ్రుల అనుమతి పొందాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి వివరాల వినియోగానికి తల్లిదండ్రుల సమ్మతిని నియమంగా పెట్టింది. ఇంటి వేడుకకు ఆ చట్టం వర్తించకపోయినా, అందులోని నీతి వర్తిస్తుంది.

సాఫల్యానికి కొలమానం

సభ ముగిశాక ఎందరు చేరారన్న అంకె తెరమీద కనిపిస్తుంది. దానితో తృప్తిపడటం పొరపాటు. సైట్ ప్రయోగ ఫలితాలను అంచనా వేయడానికి టెలివిజన్ పెట్టెలను లెక్కించి ఊరుకోలేదు. మానవశాస్త్ర పరిశోధకులు గ్రామాల్లో నివసించి, ప్రజల జీవితంలో వచ్చిన మార్పును గమనించారు. లింబాయత్ సభకూ అట్టి ప్రశ్నలే వేసుకోవాలి. దూరాన ఉన్నవారిలో ఎందరు మాట్లాడారు? చివరిదాకా ఎందరు ఉన్నారు? రాత్రి షిఫ్టువారికి రెండవ సమావేశం నిజంగా జరిగిందా? మరునాడు పిల్లవాడు నాయనమ్మకు తనంత తాను ఫోను చేశాడా?

ఈ చివరి ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. లింబాయత్‌లో పుట్టి పెరిగిన పిల్లలు వీధిలో గుజరాతీ, హిందీ నేర్చుకోవడం సహజం, అభిలషణీయం కూడా. వారికి ఇంటి భాష మిగలాలంటే దానిలో మాట్లాడవలసిన మనుషులు ఉండాలి. ఆ మనుషులు వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్నారు. వారికీ పిల్లలకూ మధ్య సంభాషణ తెగిపోతే పాఠ్యపుస్తకం ఒక్కటే దానిని నిలపలేదు. పండుగకు ఒకసారి, పాఠశాల వేడుకకు ఒకసారి శ్రద్ధతో జరిపిన మిశ్రమ సభ ఆ తెగిన పోగును అతికే ప్రయత్నం.

మగ్గంపై పోగు తెగితే నేతగాడు మగ్గాన్ని ఆపి, రెండు కొసలు వెదికి, ముడివేసి మళ్ళీ నేత సాగిస్తాడు. ఆగడానికి విసుగుపడేవాని గుడ్డలో లోపం మిగిలిపోతుంది. దూరాన ఉన్న గొంతు కోసం రెండు క్షణాలు ఆగగలిగిన సభ ఆ నేర్పును అలవరచుకొన్నదే. భిన్న భాషలు మాట్లాడే ఇరుగుపొరుగులనూ, భిన్న రాష్ట్రాల్లో నివసించే ఒకే కుటుంబాన్నీ ఏకకాలంలో ఒక పందిరి కిందికి చేర్చగలిగే అవకాశం నేడు అందుబాటులోకి వచ్చింది. ఆ పందిరిలో ఎవరికి ఏ పీట వేస్తారన్నది మాత్రం యంత్రం చేతిలో లేదు, నిర్వాహకుల చేతిలోనే ఉంది.